వార్డంతా ఒకే బస్సు ఎక్కింది

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక మహానగరం ఉంది, ఒక పెద్దాసుపత్రి ఉంది, సత్యం కోసం పోరాడిన యువతీయువకులున్నారు, ఒక ఘోరమైన కుట్ర ఉంది, చివర్లో న్యాయం గెలవడమూ ఉంది.

అంతా అబద్ధం. ఉన్నది ఒక గది. అందులో కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేప్‌రికార్డరు, ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా. కుట్ర చేసింది కాలికి పుండు పడి మంచం మీదున్న ఒక పెద్దావిడ, అదీ మా మంచి కోరి. న్యాయం గెలిచిందో లేదో ఆ రోజు ఎవరూ రాసుకోలేదు. సత్యం కోసం పోరాడిన యువతీయువకులు టీ వేళయ్యేసరికి క్యాంటీన్‌కి వెళ్లిపోయేవాళ్లు.

నేను రిటైరైన మనిషిని. జుట్టు చూసి ఎవరూ నమ్మరు. ఇంకా నల్లగానే ఉంది, రంగు కూడా వేయలేదు. తొంభైల మధ్యలో సోషియాలజీ ఎం.ఏ. పట్టా పట్టుకుని, బెంగళూరులో హోసూరు రోడ్డు వైపున్న ఒక ఆసుపత్రి వాళ్ల చిన్న పరిశోధన విభాగంలో చేరాను. రెండువేల దశకం ముగిసేలోపు నిధులు ఆగిపోయి ఆ విభాగం మూతపడింది. పంపేటప్పుడు శాలువా కప్పారు, పళ్లబుట్ట చేతికిచ్చారు, ముగ్గురు నా గురించి భూతకాలంలో మాట్లాడారు. ఇంత జరిగాక, నలభై నిండకపోయినా సరే, మనిషి రిటైరు కాకుండా ఎలా ఉంటాడు?

ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, "అసలు మీరు ఏం చేసేవాళ్లు సార్?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది.

ఉద్యోగం సంగతి

మా విభాగం పని బయోఎథిక్స్. వైద్యంలోనూ వైద్య పరిశోధనలోనూ ఏది చేయడం న్యాయం, ఏది కాదు అని తర్కించే శాఖ. మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. చివరికి, "డాక్టర్లకి మంచీచెడూ చెప్పే ఉద్యోగం" అన్నాను. "వాళ్లు వింటారా?" అంది. ఈ రంగం మీద నేను విన్న విమర్శలన్నిటిలో గట్టిది అదే.

అందులో నా వాటా, కొత్త పరిశోధకులకి శిక్షణ ఇవ్వడం. మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు రకాలు. నర్సులు, కుర్ర డాక్టర్లు, నాలాంటి సోషియాలజీ వాళ్లు మొదటి రకం. వీళ్లకి వార్డు తెలుసు, జనాన్ని అడగడం తెలుసు, లెక్కవేయడం తెలుసు. లెక్కలో ఏది ఎక్కువొస్తే అదే మంచిదని కూడా తెలుసనుకుంటారు. ఫిలాసఫీ చదివినవాళ్లు రెండో రకం. వీళ్లకి వార్డు గడప తొక్కకముందే ఏది మంచో తెలుసు. తొక్కాక కూడా అదే తెలుసు.

మొదటి రకానికి ఆలోచించడం నేర్పాలి, రెండో రకానికి చూడడం నేర్పాలి. చెప్పడానికి ఇంతే. రెండోది కష్టం. ఆలోచిస్తున్న మనిషిని కదిపి "అటు చూడు" అనడం మర్యాద కాదు.

మా దగ్గర మంజునాథ్ అని ఒకతను ఉండేవాడు. మైసూరు వైపువాడు, ఫిలాసఫీలో బంగారు పతకం. మొదటిసారి వార్డుకి పంపితే, తెల్లకోటు వేసుకుని ఒక ముసలాయన మంచం పక్కన నిలబడి, శుద్ధమైన కన్నడంలో, "తమ స్వేచ్ఛ గురించి తమ అభిప్రాయమేమి?" అని అడిగాడు. ముసలాయన కాసేపు ఆలోచించి, పొద్దున ఒకసారి అయిందనీ కానీ సాఫీగా లేదనీ చెప్పాడు. ఆసుపత్రిలో కోటు వేసుకున్నవాడు ఏదడిగినా అదే అడుగుతున్నట్టు అని ఆయన అనుభవం. మంజునాథ్ అది రాసుకుని వచ్చాడు. ఎక్కడ వాడాలో తెలియక చాలాకాలం దాచుకున్నాడు.

చెంచా

మా అధిపతి డాక్టర్ లీలావతి. చాలాకాలం సర్జన్‌గా చేసి, కత్తి పక్కన పెట్టి ఈ విభాగం మొదలుపెట్టారు. అనంతపురం వైపు నుంచి ఎప్పుడో వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. వాక్యం తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, ఇంగ్లీషులో ముగించేవారు. మొత్తం మీద తిట్టు మాత్రం అందరికీ అర్థమయ్యేది.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ కుర్చీల గదిలో కూర్చునేవాళ్లం. ఎవరో ఒకరు ఆ వారం వార్డులో చేసిన ఒక సంభాషణలోంచి ఒక ముక్క చదవాలి. తర్వాత రెండు ప్రశ్నలు. "ఇది నీకెట్లా తెలుసు?" ఒకటి. "అయితే ఏం చేయాల?" రెండోది. మొదటి ప్రశ్నకి ఫిలాసఫీ వాళ్లు జవాబు చెప్పాలి, రెండోదానికి నర్సులు, డాక్టర్లు చెప్పాలి. ఎవరికి ఏది రాదో అదే వాళ్లకి. ఇద్దరూ సమానంగా అవస్థ పడేవాళ్లు. శిక్షణ అంటే ఆవిడ దృష్టిలో అదే.

లీలావతిగారు భోజనం ఆలస్యంగా, ఆ గదిలోనే చేసేవారు. స్టీలు డబ్బాలో పెరుగన్నం, పక్కన నీళ్ల గ్లాసు. ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ "కాబట్టి" అంటే చాలు, చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టేవారు. భాషాభేదం లేదు. "సో" అన్నా మోగేది, కన్నడంలో "ఆద్దరింద" అన్నా మోగేది.

ఎందుకో తెలుసుకోడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. జనం ఏం చేస్తున్నారన్నది ఒక ఒడ్డు. ఏం చేయాలన్నది ఇంకో ఒడ్డు. మధ్యలో ఒక వంతెన ఉండాలి కదా. మా పిల్లలు వంతెన కట్టే ఓపిక లేక అక్కడొక "కాబట్టి" వేసి దూకేసేవాళ్లు. ఒక కుర్ర డాక్టరు లేచి, మన దగ్గర ఎక్కువ కుటుంబాలు కాన్సర్ సంగతి రోగికి చెప్పొద్దంటున్నాయి, కాబట్టి చెప్పకపోవడమే సరైనది అన్నాడు. టంగుమంది.

"మన ఊళ్లో ఎక్కువమంది హెల్మెట్టు పెట్టుకోరు గదప్పా," అన్నారు లీలావతిగారు, పెరుగన్నం కలుపుతూ. "అయితే?"

అతను కూర్చున్నాడు. పోయేటప్పుడు స్కూటరు మీద హెల్మెట్టు లేకుండానే పోయాడు. అది వేరే సంగతి.

ఈ చెంచా పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఉండాల్సింది అని కూడా అనను. కానీ ఈ పనిలోకి వచ్చేవాళ్లు కొన్నే గుర్తుపెట్టుకోవాలంటే, ఆ టంగుమనే చప్పుడు గుర్తుపెట్టుకోండి. మీరు రాసిన దానిలో "కాబట్టి" ఎక్కడుందో వెతకండి. తప్పు సాధారణంగా దానికి ఒక అంగుళం ఇటు కూర్చుని ఉంటుంది.

ఎస్తేరు

అసలు సంగతికి వస్తాను. ఎస్తేరు అదే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మా దగ్గర చేరిన అమ్మాయి. బాపట్ల దగ్గర పల్లె. వాళ్ల పెద్దమ్మ నర్సు, అక్క నర్సు, చర్చిలో పాటల బృందం సగం నర్సులే. చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే నలుగురు నాలుగు వైపుల నుంచి నాడి పట్టుకునేవారట.

శిక్షణకి చేరినవాళ్లకి ఇచ్చే స్థానం ఒక్క ఏడాదికే. ఏడాది చివర సమీక్ష ఉంటుంది. అందులో పని బాగుందంటే పొడిగిస్తారు, లేదంటే తిరిగి వార్డు డ్యూటీకే. ఆ తిరిగి వెళ్లడం అంటే ఎస్తేరుకి ఇష్టం లేదు. రాత్రి డ్యూటీలూ నడుమునొప్పీ ఉన్నాయనుకోండి, కానీ కారణం అది కాదు. ఒకసారి తనే చెప్పింది.

"వార్డులో 'ఎందుకండీ' అంటే 'నీ పని చూసుకో సిస్టర్' అనేవాళ్లండి సార్. ఇక్కడ 'ఎందుకు' అనకపోతే మేడం తిడుతున్నారు. నాకు ఈ తిట్లే బాగున్నాయండి."

ఆమె ఎంచుకున్న పని ఇది. షుగరు వల్ల కాళ్లకి పుండ్లు పడ్డవాళ్ల వార్డులో ఒక సర్జన్ కొత్తరకం కట్టు మీద పరిశోధన చేస్తున్నాడు. చేరినవాళ్లలో సగం మందికి కొత్త కట్టు, సగం మందికి పాతది. ఎవరికి ఏదన్నది చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా వైద్యం ఆగదు. ఇవన్నీ వివరించి రోగుల సంతకాలు తీసుకోవాలి. ఆ వార్డులో పాత నర్సు కనక ఆ వివరించే పని ఎస్తేరుకే ఇచ్చారు. కొన్ని రోజులు పోయాక వాళ్లకి అది ఎంత అర్థమైందో అడిగి రికార్డు చేసుకోవడం ఆమె సొంత పరిశోధన.

వివరించేదీ ఆమే, అడిగేదీ ఆమే. ఇందులో ఒక లోపం ఉందని మీకు ఇప్పుడే తోచి ఉంటుంది. అప్పుడు గదిలో ఉన్నవాళ్లందరికీ కలిపి బోలెడు డిగ్రీలున్నాయి, తోచలేదు.

రూపకం

జవాబులు అద్భుతంగా వచ్చాయి. కొత్త కట్టు రావచ్చు, రాకపోవచ్చు, చీటీ ప్రకారం అని హోసూరు రోడ్డు మీదున్న చందాపుర ఫ్యాక్టరీల్లో పనిచేసే మనుషులు తడుముకోకుండా చెబుతున్నారు. అంతకన్నా అద్భుతం ఇంకోటి. ఇష్టం లేకపోతే ఏం చేయొచ్చు అని అడిగితే, ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట. "బస్సులో ఎక్కినాక నచ్చకపోతే మధ్యలో దిగిపోవచ్చు గదా, అట్ల." తెలుగువాళ్లూ అదే అన్నారు, కన్నడం వాళ్లూ అదే అన్నారు, హోసూరు నుంచి వచ్చిన ఒక తమిళాయన కూడా తమిళంలో అదే బస్సు దిగాడు.

పదిమంది సంభాషణల్లో ఒకే భావం మళ్లీ మళ్లీ కనిపిస్తే మా వృత్తిలో పూనకం వస్తుంది. జనం లోతుల్లోంచి ఏదో పైకి తేలుతోంది అనుకుంటాం. ఎస్తేరు బోర్డు మీద పెద్దక్షరాలతో "బస్సు" అని రాసి చుట్టూ గీత గీసింది. మంజునాథ్ ఆ గీత చూసి లేచి నిలబడ్డాడు.

"ఇది మామూలు ఉపమానం కాదు. పాశ్చాత్యుడు తన స్వేచ్ఛని తలుపులున్న ఇల్లుగా చూస్తాడు. మనవాడు పదిమందితో కలిసి ప్రయాణంగా చూస్తున్నాడు. ఆద్దరింద..."

టంగు.

అయినా ఆగలేదు. వారం తిరక్కుండా వ్యాసం రాసేశాడు. దక్షిణాది మనిషి, బస్సు, స్వేచ్ఛ. చాలా బాగుంది. అందులో కండక్టరు మీద ఒక అధ్యాయమే ఉంది. సర్జన్‌కి కూడా కబురు తెలిసి సంతోషించాడు. తన రోగులకి అంతా అర్థమైందని సమీక్షలో నలుగురి ముందు వినబోతున్నాడు కదా.

సమీక్షకి ఇంకొన్ని రోజులుండగా ఎస్తేరు నా దగ్గరికి టేప్‌రికార్డరు, రెండు చెవుల ఇయర్‌ఫోను పట్టుకుని వచ్చింది. "ఒక్కసారి వినండి సార్. నాకేదో తేడాగా ఉంది."

ఒక చెవిది ఆమె, ఒక చెవిది నేను. టేపులో ఆమె గొంతు: ఇష్టం లేకపోతే ఏం చేయొచ్చండీ? నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. ఫ్యాను చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. అప్పుడు దూరంగా, పక్క మంచాల వైపు నుంచి, పరీక్ష హాల్లో వినపడేలాంటి గుసగుస:

"బస్సప్పా... బస్సు, బస్సు..."

వెంటనే రోగి, బరువు దిగినట్టు: "ఆఁ! బస్సు!"

ఎస్తేరు టేపు ఆపింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మా సంస్కృతి లోతుల్లోంచి తేలింది ఏమిటో తెలిసిపోయింది. కాపీ.

రత్నమ్మ బడి

ఆ గొంతు ఎవరిదో ఎస్తేరు గుర్తుపట్టింది. కిటికీ పక్క మంచం రత్నమ్మ. చందాపుర అవతల సరిహద్దు పల్లెల్లోని పాత తెలుగు కుటుంబం. కాలు దిండు మీద పెట్టుకుని, వార్డుకి హెడ్‌మిస్ట్రెస్‌లాగా కూర్చుని ఉంది.

"రత్నమ్మగారూ, బస్సు సంగతి అందరికీ మీరే చెప్పారా?" అని అడిగింది ఎస్తేరు.

"ఊఁ, చెప్పినా. ఏం పాపా, తప్పుండాదా? మార్కులు తక్కువేసినారా?"

"మార్కులేంటమ్మా?" అన్నాను నేను.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "ఏమప్పా ఏం తెలీనట్ల అడుగుతాండావు. పాపకి పరీక్ష ఉండాది గదా. మేం తప్పులు చెప్తే పాప ఫెయిలయిపోతాది. మళ్లా నైటు డ్యూటీకి తోసేస్తారు."

"మీకెవరు చెప్పారమ్మా అలా?" ఎస్తేరు మొహం ఎర్రబడింది.

"సిస్టర్లు మాట్లాడుకుంటాంటే విన్నాం. పండుకోని ఉండేవాళ్లకి వినేది తప్ప ఇంకేం పనుండాది?" అని ఆ మూల మంచం వైపు గడ్డం చూపించింది. "ఆడ ఉండాడే పెద్దాయన, వట్టి మొద్దు. ఎన్ని దినాలు చెప్పినా తలకి ఎక్కల్యా. ఇట్ల కాదులే అని ఆయప్ప కోసమే బస్సు పెట్టినా. ఇంగ అందరూ అదే పట్టుకున్నారు."

మూల మంచం పెద్దాయన తన మాట రావడంతో లేచి కూర్చుని, మేమడక్కుండానే, "బస్సు," అన్నాడు.

"మరి మీరు," అని ఎస్తేరు గొంతు తగ్గించింది, "మీరెందుకు చేరారమ్మా దీంట్లో?"

"ఎందుకేముండాది? నువ్వు అడిగితివి. నేను వేలిముద్ర వేస్తిని."

బయటికి వచ్చి ఎస్తేరు మెట్ల మీద కూర్చుంది. "నాకొచ్చినవి జవాబులు కాదండి సార్. జాలి," అంది. ఇలాంటి చోట పెద్దవాళ్లు ఏదో ఒక మంచి మాట చెప్పాలి. నేను, "టీ తాగుదామా?" అన్నాను. క్యాంటీన్‌లో పాలు అయిపోయాయి. బ్లాక్ టీ తాగాం.

మంజునాథ్ మంచి ప్రశ్న

ఆ శుక్రవారం ఎస్తేరు టేపు అందరికీ వినిపించింది. గుసగుస దగ్గర మంజునాథ్ కళ్లు మూసుకున్నాడు. పాపం, కండక్టరు అధ్యాయం గుర్తొచ్చి ఉంటుంది. కానీ తెలివైనవాడు, తేరుకున్నాడు.

"అయితే ఏమయింది? జవాబు సరైనదే కదా. రత్నమ్మ దగ్గర నేర్చుకున్నారు. మనం మాత్రం బళ్లో ఎవరో ఒకరి దగ్గర నేర్చుకోలేదా? వాళ్లకి విషయం తెలుసు. ఎట్లా తెలిసిందన్నది మనకెందుకు? ఎస్తేరు లెక్కలు అలాగే చూపించొచ్చు."

నేను అతన్ని ఎగతాళి చేయబోయాను. లీలావతిగారు చెంచా నా వైపు చూపించి ఆపారు. "నవ్వొద్దప్పా. మంచి ప్రశ్న అది. ఎస్తేరు, నువ్వు జవాబు చెప్పాల. ఇప్పుడు కాదు. పోయి చూసి రా."

అది నాకు తెలిసిన అతి గొప్ప శిక్షణ. ఒక ఫిలాసఫీ ప్రశ్నని వార్డుకి పంపడం. కొందరు అధికారులు ప్రశ్న వినగానే తమ జవాబు చెప్పి ముగిస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకునేది జవాబులే, అవి రెండేళ్లలో పాతబడతాయి.

ఎస్తేరు రత్నమ్మ దగ్గరికి ఈసారి టేప్‌రికార్డరు లేకుండా వెళ్లింది. ఏం తెలుసు అని అడగలేదు. ఒకవేళ మీరు మానుకోవాలనుకుంటే ఎవరికి చెబుతారు అని మాత్రం అడిగింది.

రత్నమ్మ కాసేపు దుప్పటి సర్దుకుంది. "ఎవురికి చెప్తాను? నీకే చెప్పాల గదా," అంది. తర్వాత, "నీకెట్ల చెప్పేది పాపా?" అంది.

సమీక్ష

సమీక్షలో సర్జన్ ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. మంచి హస్తవాసి, రోగులంటే ప్రేమ. తన గురించి మంచి మాట వినడానికి వచ్చినవాడు మనందరిలాగే చెడ్డమాట వింటే కోప్పడతాడు.

ఆ ఉదయం ఎస్తేరు నాతో, "సార్, ఇదంతా చెబితే నా ఏడాది పని గుండుసున్నా కదండీ?" అంది. "అవును" అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో, వృత్తి అలవాటు.

ఆమె దాచకుండా మొత్తం చెప్పింది. బోర్డు మీద బస్సు, టేపులో గుసగుస, పరీక్ష, నైటు డ్యూటీ. గదిలో ఎవరో నవ్వారు. సర్జన్ నవ్వలేదు.

"అంటే నా పేషెంట్లు అబద్ధాలు చెప్పారంటావా?"

"లేదండి. నిజమే చెప్పారండి. నా కోసం చెప్పారు."

"తెలిసి చెప్పారుగా! తెలిసి సంతకం పెట్టారుగా! ఇంకేం కావాలి?"

"మానుకోవచ్చని వాళ్లకి తెలుసండి. మానుకోలేరు. మానుకుంటున్నామని చెప్పాల్సింది నాకు, నేను బాధపడతానని చెప్పరు. తెలుసా అని అడిగాను నేను ఇన్నాళ్లూ. చెప్పగలరా అని అడగలేదండి. నాకు ఉపకారం చేయడానికి ఇందులో ఉన్నవాళ్లు, ఉండటానికి ఒప్పుకున్నట్టు కాదు. కాబట్టి వాళ్లందరినీ మళ్లీ అడగాలండి. నేను లేకుండా."

కాబట్టి. అందరం చెంచా వైపు చూశాం. మోగలేదు. ఆ నిశ్శబ్దం నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. ఒక శిష్యురాలు వంతెన కట్టింది, గురువు దాటనిచ్చింది అని నేను పలుచోట్ల ఉపన్యాసాల్లో చెప్పుకున్నాను. తర్వాత ఎప్పుడో లీలావతిగారిని అడిగితే, ఆ సమయానికి చెంచా నోట్లో ఉందన్నారు.

సర్జన్ ఏదో గట్టిగా అనబోయాడు. ఆయన మొబైలు మోగింది. ఆపరేషన్ థియేటర్ నుంచి. లేచి వెళ్లిపోయాడు. చారిత్రక ఘర్షణలు ఎక్కువగా ఇలాగే ముగుస్తాయి, చరిత్రలో రాయరు.

పొడిగింపు సంగతి తేల్చడానికి లీలావతిగారికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "ఈ పాప పని చెడిపోయింది. మళ్లా మొదట్నుంచి చేయాల. ఇంకో ఏడాది పడతాది, ఇచ్చేయండి." అలా చెడిపోయినందుకు ఎస్తేరుకి ఏడాది దొరికింది. మంజునాథ్ వ్యాసం మాత్రం శుభ్రంగా పూర్తయి, ఒక పత్రికలో అచ్చుకి కూడా ఒప్పుకున్నారు. దాన్ని తనే వెనక్కి తీసుకున్నాడు, ఎవరూ అడగలేదు. పని ముగిసింది కాబట్టి అతన్ని గడువుకి పంపేశారు. ఇందులో నీతి వెతకొద్దు, నేను వెతికాను.

మళ్లీ అడగడం

మళ్లీ అడగాలి సరే, ఎవరు అడగాలి? ఎస్తేరు కాకూడదు. వార్డు సిస్టర్లు కాకూడదు. నన్ను చూస్తే రత్నమ్మకి జాలి. చివరికి ఎస్తేరే అంది, "మంజునాథ్ గారైతే?"

గది మొత్తం అతని వైపు చూసింది. నిజమే. ఆ వార్డులో అతనికి ఉపకారం చేయాలని ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

అతను నొచ్చుకోకుండా ఒప్పుకున్నాడు. గడువు తీరేలోపు మిగిలిన రోజులు దానికే వాడాడు. ఈసారి కోటు వేసుకోలేదు. ఒక్కొక్కరినీ కట్టు మార్చే గదిలో, పక్క మంచాలకి వినపడని చోట, మామూలు మాటల్లో అడిగాడు. మానుకుంటే ఎస్తేరుకి పేర్లు తెలియవని చెప్పాడు. చాలామంది ఉంటామన్నారు. మూల మంచం పెద్దాయన "బస్సు" అన్నాడు. ఆయన్ని మాత్రం వివరంగా మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చింది.

రత్నమ్మ దిగిపోయింది.

ఆవిడ అనుమతితోనే ఎస్తేరుకి తర్వాత చెప్పాడు. ఇంటికి పోయాక కూడా ఈ పరిశోధన కోసం వారం వారం వచ్చి పుండు చూపించుకోవాలట. పుండు కాలితో ఒంటరిగా బస్సెక్కలేదు, తోడు రావాలంటే కోడలు ఫ్యాక్టరీకి సెలవు పెట్టాలి, ఎన్నిసార్లని పెడుతుంది? ఈ కష్టం ఆవిడకి మొదటి రోజు నుంచీ తెలుసు. వార్డంతటికీ దిగిపోవడం నేర్పింది ఆవిడే. తను మాత్రం దిగలేక కిటికీ పక్క కూర్చుంది.

"నన్నేమైనా అందా?" అని అడిగింది ఎస్తేరు.

"అంది. 'పాప పాసయిందా?' అంది."

"మీరేం చెప్పారు?"

"ఫెయిలయింది, అందుకే ఉంచుకున్నారని చెప్పాను. నమ్మలేదు."

రత్నమ్మ పుండు ఇంటి దగ్గర డాక్టరు పాత కట్టుతోనే మానింది. దీన్నిబట్టి పాత కట్టే మంచిదని అనుకోవద్దు. ఒక్క మనిషిని చూసి ఏమీ తేల్చకూడదని మీకు మొదటి వారంలోనే నేర్పుతారు. సర్జన్ ఆ తర్వాత ఎస్తేరుతో ఒక ఏడాది మాట్లాడలేదు. కానీ ఆయన పరిశోధనలన్నిట్లో వివరించేవాళ్లు ఒకరు, అడిగేవాళ్లు ఒకరు ఉండేలా చూసుకున్నాడు. మంజునాథ్ మహదేవపురలో ఒక ఐటీ కంపెనీలో చేరి, కొత్త ఉద్యోగులకి నైతిక విలువల మీద తరగతులు చెప్పాడు. వాళ్లకి హాజరు తప్పనిసరి.

ఎస్తేరు రెండో ఏడాది బాగా చేసింది. విభాగం మూతపడేదాకా ఉంది. ఇప్పుడు ఆ భవనంలోనే వేరేవాళ్లు నడుపుతున్న శిక్షణలో పాఠం చెబుతోంది. చెంచా లీలావతిగారు వెళ్తూ ఇచ్చి వెళ్లారు. ఎస్తేరు ఎక్కువగా కొట్టదని, చూస్తుందని, అది ఇంకా భయంకరంగా ఉంటుందని విద్యార్థులు చెప్పారు.

ఆమె దగ్గర చేరాలనుకునేవాళ్లకి నా వైపు నుంచి సలహా ఒక్కటే. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా పైన ఉంది, అది మీరు ఎలాగూ మీ సొంత తప్పులతోనే నేర్చుకుంటారు. ఇది మాత్రం మీ అంతట మీకు తెలియదు: రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆసుపత్రి గేటు ముందున్న బస్టాపు తీసేశారు. చందాపుర నుంచి వచ్చే బస్సులు ఇప్పుడు అక్కడ ఆగవు. దానికి ముందొచ్చే స్టాపులోనే దిగి, పెట్రోలు బంకు పక్క సందులోంచి నడవాలి.